సముద్రం లేని ఊళ్లో కెరటాల బోర్డు

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి జనం ఉద్యోగానికి వెళ్తారు, సంబంధాలు చూడడానికి వెళ్తారు, ఆపరేషన్లకి వెళ్తారు. నేను కెరటాల మీద తిరిగే బోర్డు కొనుక్కోవడానికి వెళ్లాను. రైల్లో ఎదురు బెర్తు ఆయన అడిగితే ఉన్న మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అక్కడ సముద్రం లేదు కదండీ?" అన్నాడు. "లేదండి," అన్నాను. ఆ తర్వాత ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాకు యాభై ఎనిమిదేళ్లు. స్కూల్లో పిల్లలకి ఈత నేర్పుతాను. నలభై దాటాక ఋషికొండ దగ్గర సర్ఫింగ్ మొదలుపెట్టి, అప్పటినుంచీ లాంగ్‌బోర్డు మీదే ఉన్నాను. మనిషి కంటే చాలా పొడవుండే బోర్డు అది. దాని మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి వెళ్లాలి. కెరటం వెనకనుంచి ఎత్తగానే ఒక్క ఊపున లేచి నిలబడాలి. నాకు పోయింది ఆ ఒక్క ఊపే. ఎడమ మోకాలు సగంలో పట్టేస్తుంది. నేను సగం లేచేసరికి కెరటం నన్ను వదిలి వెళ్లిపోతుంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, "నడవండి, ఈదండి, నిలబడి ఎంతసేపైనా ఉండండి. కానీ అలా ఎగిరి లేవడం మాత్రం మానెయ్యండి" అన్నాడు.

నిలబడి ఎంతసేపైనా ఉండొచ్చన్న మాట పట్టుకుని నేను ఇంటికొచ్చాను. స్టాండప్ ప్యాడిల్ బోర్డని ఒకటుంది. దాని మీద మొదటినుంచీ నిలబడే ఉంటారు, చేతిలో పొడుగాటి తెడ్డు ఉంటుంది. చెరువుల్లో షికారుకి వాడతారు, తెలిసినవాళ్లు కెరటాలూ ఎక్కుతారు. మా వైపు ఉన్నవన్నీ అద్దెకి తిప్పి అరగదీసినవి. ఇంటర్నెట్లో వెతికితే అమ్మకానికి పెట్టినవాళ్లు సగం మంది హైదరాబాదు ఐటీ కుర్రాళ్లే. జీతం చేతికి రాగానే కొంటారు, ఒక్కసారి గోవా తీసుకెళ్తారు, తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అమ్మేస్తారు.

సముద్రంలోకి దిగక నాలుగు నెలలైంది. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో వెళ్లాలనిపించేది. టికెట్టు తీశాను.

మణికొండ

మా చెల్లెలు సుజాత మణికొండలో పదకొండో అంతస్తులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం దాని పని. చిన్నప్పుడు నా తప్పులు అమ్మకి మోసిన అనుభవం అక్కడ బాగా పనికొచ్చిందంటాను నేను.

"బోర్డు కోసం వచ్చావా, నన్ను చూడ్డానికి వచ్చావా?" అంది తలుపు తీస్తూనే.

"రెండిటికీనే."

"ముందు దేనికి?"

నేను బ్యాగు లోపల పెట్టి మంచినీళ్లు అడిగాను.

మా ఊళ్లో దారి అడిగితే బీచ్ వైపనో, కొండ వైపనో చెబుతారు. ఇక్కడ ఫ్లైఓవరు దిగాక ఎడమ, ఫలానా కంపెనీ గేటు ఎదురు, మెట్రో పిల్లరు ఎన్నో నంబరు. అద్దాల గోడల్లో ఎండ నాలుగు వైపుల నుంచీ కొడుతుంది, తూర్పు ఎటో తెలియదు. గాలిలో ఉప్పు లేదు, పెదవులు పగిలాయి. ప్లేటు ఇడ్లీ ఎనభై అంటే మళ్లీ అడిగాను. నాలుగు చట్నీలిచ్చారు, నాలుగూ బాగానే ఉన్నాయి. మా వైపు ముప్పైకి ఒక్క చట్నీ ఇస్తారు గానీ అది అయిపోతే మళ్లీ వేస్తారు.

సుజాత మీటింగుల్లో కూర్చున్నంతసేపూ నేను కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. వాచ్‌మన్ పైకొచ్చి, "ఏ ఫ్లాట్ కావాలమ్మా?" అన్నాడు. ఏదీ వద్దు, ఊరికే నడుస్తున్నానన్నాను. కింద వాకింగ్ ట్రాక్ ఉందని మర్యాదగా చెప్పి, నేను లిఫ్టు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.

నానక్‌రామ్‌గూడ

మర్నాడు షేర్ ఆటో ఎక్కాను. నాతోపాటు ఉన్నవాళ్లందరి మెడల్లోనూ కంపెనీ కార్డులు. ఒకరి మోచేయి ఒకరికి గుచ్చుకుంటున్నా ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. మా ఆటోలో అయితే ఈపాటికి నా మోకాలికి నలుగురు నాలుగు తైలాలు చెప్పి ఉండేవారు.

టవర్ల వెనక ఒక్కసారిగా పాత ఊరు వచ్చేసింది. సన్న గల్లీలు, కోళ్లు, కిరాణా కొట్లు, ప్రతి గోడకీ టులెట్ బోర్డు. నేను వెతుకుతున్న ఇల్లు మూడంతస్తులది, బ్యాచిలర్లకి గదులు అద్దెకిస్తారు. బోర్డు అమ్మకానికి పెట్టిన కుర్రాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. ఓనరమ్మ యాదమ్మని కలవమని ఫోన్లో చెప్పాడు.

యాదమ్మ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నా ఈడుదే ఉంటుంది. ముక్కుపుడక, చేతిలో తాళాల గుత్తి.

"గా పలక కోసమా అక్కా? డాబా మీదున్నది. పా."

రెయిలింగు పట్టుకుని ఇద్దరం ఒక్కో మెట్టే ఎక్కాం. "నీకు గూడ మోకాళ్లేనా?" అంది నవ్వుతూ.

డాబా మీద, నాలుగు ఇటుకల మీద పడుకోబెట్టి ఉంది బోర్డు. దాని నిండా ఎర్రగా మిరపకాయలు.

"మంచిగ ఎండుతయి దీని మీద. కింద గాలాడుతది," అంది యాదమ్మ. "పిలగాడు పోంగ పోంగ, 'ఎవరన్న వస్తె అమ్మి పైసలు నువ్వే తీసుకో అమ్మా, లేకుంటె నువ్వే ఉంచుకో' అన్నడు. గింత పెద్దది నేనేం జేసుకోను?"

మిరపకాయలు ఒక పక్కకి తోసి టేపు పెట్టాను. పొడవు పది అడుగులు దాటింది. వెడల్పు ముప్పై మూడు అంగుళాలు. అంచులు బొద్దుగా, ముక్కు గుండ్రంగా ఉన్నాయి. ఎండకి తెలుపు కాస్తా పసుపుకి తిరిగింది. ఎక్కడా పగుళ్లు లేవు. ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, కాదనడానికి సాకు దొరికేది. నా లాంగ్‌బోర్డు వెడల్పు ఇరవై మూడు అంగుళాలే. ఇన్నేళ్లు దాని మీద నడిచినదాన్ని, ఈ మంచం లాంటి దాని మీద నిలబడితే ఋషికొండలో నా దగ్గర సర్ఫింగ్ నేర్చుకున్న పిల్లలు ఏమనుకుంటారు?

"ఆలోచించి చెప్తానండి," అన్నాను.

"ఆలోచించు. తిని ఆలోచించు." సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నె లోపలే ఒత్తి కాల్చిన రొట్టె. మా దిబ్బరొట్టె మెత్తగా ఉంటుంది, ఇది కరకరలాడుతుంది. కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. రెండో ముక్క అడిగి మరీ తిన్నాను.

"గిది నిజంగ నీళ్ల మీద తేలుతదా అక్కా?" అంది యాదమ్మ, నేను వెళ్లబోతుంటే.

"తేలుతుందండి. మనిషి నిలబడితే కూడా తేలుతుంది."

ఆమె డాబా వైపు ఒకసారి తలెత్తి చూసింది.

మదీనాగూడ

ముంబై హైవే మీద ఆటల సామాన్ల కొట్టు ఒకటుందని సుజాత వెతికి పెట్టింది. ఓనరు రాజేందర్, యాభై ఏళ్ల మనిషి. రిసార్టులకీ అపార్టుమెంటు ఈత కొలనులకీ సరుకు వేస్తాడు.

"మీ అబ్బాయి కోసమా మేడమ్?"

"నాకేనండి."

ఆయన తడబడలేదు. గాలి కొట్టుకునే బోర్డు చూపించాడు. మడిచి సంచీలో పెట్టి రైల్లో సీటు కింద తోసెయ్యొచ్చు. నా మనసు కొంచెం లాగింది. కానీ కెరటం విరిగేచోట గాలి బోర్డు నడుం వంచుతుంది, తిప్పినప్పుడు మాట వినదు. చెరువుకైతే సరే, సముద్రానికి గట్టిదే కావాలన్నాను. అప్పుడాయన లోపలి నుంచి ఇంకొకటి తెచ్చి గోడకి ఆనించాడు.

తొమ్మిది అడుగులు. ఇరవై ఎనిమిది అంగుళాలు. సన్నటి అంచులు, కోసుగా ముక్కు. నల్లటి ఒంటి మీద వేలు పెడితే జారిపోయింది. ఇదీ బోర్డంటే, అనుకున్నాను.

"మీరు సముద్రంలో ఎట్ల చేస్తరు మేడమ్? నేను గోవా పోయిన గానీ నీళ్లల్ల దిగలే," అన్నాడు రాజేందర్.

చూపించాలని ఎందుకు బుద్ధి పుట్టిందో! కొట్టు మధ్యలో చాప మీద బోర్లా పడుకున్నాను. చేతులు రెండూ ఆనించి ఒక్క ఊపున లేచాను. లేచానంటే సగమే లేచాను. మోకాలు పట్టేసింది. బ్యాడ్మింటన్ రాకెట్లు చూస్తున్న భార్యాభర్తలు రాకెట్లు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చారు. నేను కప్పలా అలాగే ఉండిపోయాను. ముగ్గురూ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. రాజేందర్ చాయ్ తెప్పించాడు.

"ఫికర్ చెయ్యకండి మేడమ్. జర కూసోండి."

ఆ కుర్చీలో కూర్చుని తాగిన చాయ్ రుచి నాకు గుర్తు లేదు. ఇంక సముద్రం అయిపోయిందా అన్న భయం మాత్రం గుర్తుంది. డాక్టరు ముందు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. అందుకేనేమో, లేవగానే ఆ నల్ల బోర్డే కావాలన్నాను.

సాయంత్రం సుజాతకి చెబితే ల్యాప్‌టాప్ మూసి, "నీళ్లలో పెట్టకుండానే?" అంది.

"చూస్తే తెలిసిపోతుందే."

"చూస్తే తెలిసిపోయేదైతే నాకు ఉద్యోగమే ఉండదు. రెండూ నీళ్లలో వేసి చూడు. అప్పుడు కొనుక్కో."

చెరువు దగ్గర

కోకాపేట దాటి కొంత దూరం వెళ్తే ఒక చెరువు, గట్టున పడవల క్లబ్బు. రుసుం కడితే సొంత బోర్డులు దించుకోనిస్తారు. రాజేందర్ తన వ్యానులో నల్ల బోర్డు తెస్తానన్నాడు. దారిలో నానక్‌రామ్‌గూడలో ఆగి రెండోది కూడా ఎక్కించుకోమని సుజాత అంటే, "పోటీ సరుకు నా బండిలనే ఎక్కిస్తరా మేడమ్?" అని గొణిగాడు గానీ, తాళ్లు తనే కట్టాడు. యాదమ్మ మిరపకాయలు దులిపేసి, చీర మార్చుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "నేను గూడ వస్త. తేలుతదో లేదో చూడాలె."

తొమ్మిదింటికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. లైఫ్ జాకెట్ వేసుకుని, బోర్డు తాడు కాలికి కట్టుకుని, నల్ల బోర్డు మీద మోకాళ్లతో మెల్లగా ఎక్కి, తెడ్డు ఊతంగా లేచి నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత నా కింద నీళ్లు కదిలాయి. తెడ్డు వేస్తుంటే బోర్డు చప్పుడు లేకుండా సాగిపోయింది. గట్టున సుజాత వీడియో తీస్తోంది, రాజేందర్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. "ఇదే! ఇదే తీసుకుంటాను!" అని అరిచాను.

అప్పుడే క్లబ్బు మోటారు పడవ పక్కనుంచి వెళ్లింది. దాని వెనక లేచిన అల మోకాలెత్తు కూడా లేదు. నేను వెల్లకిలా నీళ్లలో పడ్డాను.

ఎక్కాను. రెండో అలకి మళ్లీ పడ్డాను. అలవాటు లేకనే అనుకున్నాను. పడవ నడిపే ఆయన కంగారుగా దగ్గరకొచ్చి, "సారీ అమ్మా, దూరంగ పోత," అన్నాడు.

"వద్దు బాబూ. దగ్గరగానే పో. నా చుట్టూ తిరుగు."

"ఎందుకమ్మా?"

"అలలు కావాలి."

ఆయన గట్టు మీదున్న మేనేజరు వైపు చూశాడు. మేనేజరు సుజాత వైపు చూశాడు. సుజాత తిప్పమన్నట్టు చెయ్యి ఊపింది. పడవ నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను పడడం, ఎక్కడం, పడడం. మోకాలు వంచి చూశాను, కాళ్లు ఎడం పెట్టి చూశాను. బోర్డు ఈ పక్కకి జారితే పట్టుకునేలోపే ఆ పక్కకి జారేది. చివరికి ఎక్కడానికి చేతుల్లో ఓపిక లేక దాన్ని పట్టుకుని నీళ్లలో వేలాడాను. చెరువులో పడవ రేపిన అలకే ఇలా ఉంటే ఋషికొండలో కెరటం దాకా కూడా చేరలేను. బోర్డు తప్పేమీ లేదు. అది ముప్పై ఏళ్ల కాళ్ల కోసం చేసిన బోర్డు.

గట్టుకొచ్చాను. రాజేందర్ తువ్వాలు ఇచ్చి, తనంతట తనే రెండో బోర్డు నీళ్లలోకి తోశాడు.

దాని మీద నిలబడగానే, అద్దె గదిలోంచి సొంత ఇంటికి వచ్చినట్టుంది. పడవ వచ్చింది. అల వచ్చింది. బోర్డు లేచింది, దిగింది, నేను ఉన్నచోటే ఉన్నాను. ఇంకో అల వచ్చేటప్పుడు తెడ్డు రెండు పోట్లు గట్టిగా వేసి, బరువు వెనక కాలి మీదకి తెచ్చి, ముక్కు తిప్పాను. ఆ అల నన్ను ఎత్తి కొన్ని గజాలు మోసుకెళ్లింది. చెరువులో, మోటారు పడవ అల మీద! నోట్లోంచి ఏం కేక వచ్చిందో నాకు తెలియదు, తర్వాత వీడియోలో విని సిగ్గుపడ్డాను.

ఒడ్డు చేరేసరికి యాదమ్మ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. "నన్ను గూడ ఎక్కించు."

లైఫ్ జాకెట్ వేసి ముందు భాగంలో కూర్చోబెట్టాను. వెనక నేను నిలబడి తెడ్డు వేశాను. ఇద్దరినీ మోస్తూ బోర్డు చెరువు మధ్యకి వెళ్లింది. యాదమ్మ రెండు చేతులూ నీళ్లలో ముంచి ఊరుకుంది. తర్వాత, "లేస్త," అంది.

"వద్దండి, పడతారు!"

"పడితె తాడు లేదా, జాకెట్ లేదా?" లేచింది. నేను తెడ్డు నీళ్లలో బల్లపరుపుగా ఆనించాను. ఆమె కాళ్లు వణికాయి, ఆగాయి. నిలబడింది. గట్టున రాజేందర్ చప్పట్లు కొట్టాడు.

దిగాక యాదమ్మ బోర్డు ముక్కు మీద చెయ్యి వేసి అంది: "అక్కా, ఏమనుకోకు. నేనిగ దీన్ని అమ్మను. గిది నాకు గావాలె."

మళ్లీ నానక్‌రామ్‌గూడ

ఒళ్లు మండిపోయింది. "మీకు ఈత కూడా రాదు!" అన్నాను, అందరి ముందూ.

"నేర్పవా? నువ్వు చేసే పని గదేనంట గద."

వ్యానులో ఇంటిదాకా కిటికీలోంచి బయటకే చూశాను. ఎంత ఇస్తానన్నా ఆమె తల అడ్డంగానే ఊపింది. ఇంటికొచ్చాక సుజాత మీద విరుచుకుపడ్డాను. నువ్వు తెచ్చిన తంటాయే ఇది, ఆమె ఎందుకు రావాలి, డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకునే మనిషికి అదెందుకు?

సుజాత అన్నం వడ్డిస్తూ, "నువ్వు చెప్పావే, రైల్లో ఆయన, నిన్ను అలాగే కదా చూశాడు?" అంది.

మర్నాడు టేపు, పెన్సిలు తీసుకుని నానక్‌రామ్‌గూడ వెళ్లాను. యాదమ్మ గేటు తీసి, నేను తగువుకి వచ్చాననుకుని ముందే ముఖం బిగించింది.

"కొలతలు తీసుకుంటానండి. ఇలాంటిదే ఇంకొకటి చేయించుకుంటాను."

ఇద్దరం కలిసి కొలిచాం. మందం, ముక్కు వెడల్పు, తోక వెడల్పు, కింద రెక్క ఎక్కడుందో. టేపు రెండో కొస ఆమె పట్టుకుంది. ఆ కొలతలు రాజేందర్‌కి ఇస్తే తమిళనాడు తీరంలో బోర్డులు చేసేవాళ్లతో మాట్లాడాడు. తన నల్ల బోర్డు అమ్ముడుపోలేదన్న బాధ ఆయన ముఖంలో కనిపించలేదు, లేదా బాగా దాచుకున్నాడు.

తిరుగు టికెట్టు మార్చుకున్నాను. సుజాత అపార్టుమెంటు ఈత కొలనులో గెస్టుల కింద మా ఇద్దరి పేర్లూ రాయించింది. పొద్దున్నే యాదమ్మ షేర్ ఆటోలో మణికొండ వచ్చేది. నా ఈత బట్టలు ఆమెకి బిగుతయ్యాయి, అయినా వేసుకుంది. మొదట నీళ్లలో ముఖం పెట్టమంటే నా మెడ పట్టుకుని వదల్లేదు. పిల్లలకి నేర్పేటప్పుడు నాకు ఓపిక ఎక్కువ, పెద్దవాళ్లతో తక్కువ. ఆమె మీద రెండుసార్లు అరిచాను, ఆమె నా మీద అంతకంటే గట్టిగా అరిచింది. నేను రైలెక్కే ముందటి పొద్దున, ఈ గోడ నుంచి ఆ గోడకి ఎవరినీ పట్టుకోకుండా వెళ్లి, గోడ అందగానే వెనక్కి తిరిగి చూసింది, నేను చూశానో లేదోనని.

ఋషికొండ

ఖాళీ చేతులతో ఇల్లు చేరాను. ఎదురుచూడడం నాకు చేతకాదు. లారీ ఆఫీసు వాళ్లకి నా గొంతు కంఠస్థం అయిపోయింది. బోర్డు వచ్చిన రోజున విప్పి చూసుకున్నాను. తెల్లగా, వెడల్పుగా, బొద్దుగా ఉంది. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఒకడు, "మేడమ్, దీని మీద భోజనాలు పెట్టొచ్చు," అన్నాడు. పెట్టొచ్చన్నాను.

ఆ పొద్దున కెరటాలు నడుమెత్తు ఉన్నాయి. నురుగు దాటేదాకా మోకాళ్ల మీదే ఉండి, దాటాక లేచాను. నిలబడి చూస్తే, పడుకుని ఇన్నేళ్లూ చూడనంత దూరం నుంచి కెరటం కనిపించింది. దూరాన గీత నల్లబడడం, దగ్గరికొస్తూ ముడుచుకోవడం. తిప్పి, తెడ్డు నాలుగు పోట్లు వేశాను. తోక లేచింది. ఒళ్లంతా అలవాటుగా ఆ ఒక్క ఊపు కోసం బిగుసుకుంది. కానీ లేవాల్సిన పని లేదు, నేను ముందే నిలబడి ఉన్నాను. కెరటం నన్ను ఒడ్డుదాకా తీసుకొచ్చి, ఇసుక మీద మెల్లగా వదిలింది.

మళ్లీ వెళ్లాను. మళ్లీ, మళ్లీ. పడ్డాను కూడా. ఎండెక్కాక ఒడ్డుకొచ్చి, తడి చేతులతోనే యాదమ్మకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేశాను, తియ్యలేదు. ఇసుకలో కాళ్లు కాలుతుంటే అటూ ఇటూ తిరిగాను. చాలాసేపటికి ఆమే చేసింది. ఒగరుస్తోంది, వెనక ఎవరో నవ్వుతున్నారు.

"ఏందక్కా, అన్నిసార్లు జేసినవు?" అంది. "నీళ్లల్ల ఉంటి."